రివాల్వరు కడుపులోని తాళము

స్మిత్ అండ్ వెసన్ వారి చిన్న రివాల్వరు నొకదానిని చేతబట్టి ఎడమవైపు పరికించినచో, సిలిండరును విడిపించు మీటకు కొంచెము పైగా ఒక సన్నని రంధ్రము కానవచ్చును. అందు చిన్న తాళపుచెవిని పెట్టి త్రిప్పినయెడల లోపలి భాగములు బంధింపబడి, హ్యామరు గాని ట్రిగ్గరు గాని కదలక, ఆ మారణాయుధము వట్టి ఇనుపముద్దయై కూర్చుండును. ఇంతటి స్వల్పమైన రంధ్రమును చూచి అమెరికాలోని తుపాకుల అభిమానులు ఇరువదియేండ్లకు పైగా మండిపడుచునే యున్నారు.

ఈ కోపమునకు మూలము యంత్రమున కంటె రాజకీయమున హెచ్చుగా నున్నది. 2000 మార్చిలో ఆ సంస్థ క్లింటన్ ప్రభుత్వముతో భద్రతా విషయమున ఒడంబడిక చేసికొనగా, కొనుగోలుదారులు దానిని ద్రోహముగా నెంచి సరకును బహిష్కరించిరి. 1987లో పదకొండు కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి సంస్థను కొనియున్న బ్రిటిష్ యజమానులు, 2001లో అప్పుల బాధ్యత కాక కోటిన్నర డాలర్లకే దానిని వదలుకొనిరి. కొన్న సేఫ్-టి-హ్యామర్ వారి వృత్తియే తుపాకి తాళములు చేయుట. తాళము రివాల్వరు కడుపులోనికి చేరుటలో వింత యేమున్నది? అయినను, 1887లోనే ఇదే సంస్థ, పిడిని గట్టిగా బిగించి పట్టిననే గాని పేలని రివాల్వరును అమ్మిన సంగతి నేటి విమర్శకులకు గుర్తున్నట్లు తోచదు.

అభ్యంతరములన్నియు నిరాధారములని నేననను. తేలిక లోహముతో చేసిన రివాల్వరులలో బలమైన తూటాలు పేల్చినపుడు, ఆ విసురునకు తాళము తనంత తానే పడినదని వాపోయిన వాడుకరులు కొందరు కలరు. అట్టి భయము గలవారికై ఆ సంస్థయే 442, 642 నమూనాలను తాళము లేకుండను అమ్మినది. వానిలో నొకటి కొని ఉక్కుపెట్టెలో భద్రపరచుకొనుట న్యాయము. తాళమున్నదానిని కొనితెచ్చి, పిదప తాళమును పెరికించివేయుటను మాత్రము నేను సమర్థింపజాలను.

ఇక సవరణల మాట. రెండంగుళములకు లోపైన గొట్టము, .38 స్పెషల్ తూటాలు ఐదు, అరకిలోకు లోపు బరువు గల ఈ ఆయుధము ఎంత తేలికయో అరచేతిని అంత గట్టిగా కొట్టును. కావున డబ్బు వెచ్చింపదలచినవారు మొదట పిడిపై వెచ్చింపవలెను: చిటికెనవ్రేలికి గూడ పట్టు దొరకు రబ్బరు పిడి జేబులో కొంత చోటాక్రమించినను, గురి తప్పకుండ కాపాడును. గొట్టము కొసనున్న గురిముల్లునకు మెరయు రంగు వేయించుకొనుటయు మేలే. స్ప్రింగు మార్పించి ట్రిగ్గరును మెత్తబరచుకొనుట మాత్రము వలదు. స్ప్రింగు సడలినచో హ్యామరు దెబ్బ చాలక, తూటా పేలకపోవుట కలదు, పైగా ఐదు కిలోల బలముతో లాగవలసిన ఆ గట్టితనము ఏమరుపాటున వ్రేలు తగిలినపుడు కొంత రక్షణ. అది పసివారిని ఆపునని మాత్రము భ్రమింపరాదు, రెండు బొటనవ్రేళ్లను కలిపి నొక్కుట పిల్లలకు తెలియనిది కాదు.

తాళముపై వాదించు ఉభయపక్షములును మరచునది ఇదియే: తాళము ఆయుధము మన చేతనున్నప్పటికి గాదు, చేతలేని వేళలకు. 2005 నాటి అమెరికా చట్టము, చేతితుపాకి నమ్ము లైసెన్సుదారు తాళమునో భద్రపరచు సాధనమునో వెంట ఈయవలెనని విధించినది గాని, కొన్నవాడు దానిని వేయుచున్నాడో లేదో చూడదు. డాలస్, హ్యూస్టన్ ప్రాంతములలో స్థిరపడిన మనవారి యిండ్లలో, దసరా బొమ్మలకొలువునకో పుట్టినరోజునకో పదిమంది పిల్లలు చేరినపుడు, పెద్దలు ముందుగదిలో కబుర్లు చెప్పుకొనుచుండగా వారు తెరువని అలమర యుండదు. అట్టి యింట రివాల్వరు ఉండి తీరవలెనని నిశ్చయించుకొన్నవారు తాళమున్నదానినే కొనుడు. కొన్ననాడే దుకాణదారు నెదుట తాళము వేసి తీసి చూచుకొనుడు. తాళపుచెవిని రివాల్వరున్న సొరుగులోనే పడవేయక, మీ వెంట నుండు గుత్తికి తగిలించుకొనుడు.