కుట్టు వేయని కాలవలు

మా గన్నవరం రోడ్డు మీద ఒక్కొక్కప్పుడు పోలీసులు బళ్లన్నీ నిలిపివేస్తారు. మంత్రిగారు వస్తున్నారు కాబోలుననుకుంటే, ఒక అంబులెన్సు కూత పెట్టుకుంటూ విమానాశ్రయంవైపు దూసుకుపోతుంది. ఎవరో కన్నుమూసిన మనిషి గుండెయో, కాలేయమో మరో ఊళ్లో మరొకరికోసం వెడుతోందన్నమాట. చేతులెత్తి దణ్ణం పెడతాం. ఆ తరువాతి కథ మనదాకా రాదు.

మా వేలువిడిచిన బావగారికి కాలేయం మార్చినప్పుడు ఆ కథ కొంత చూశాను. ఆపరేషను చక్కగా జరిగింది. కొత్త కాలేయం పని చేస్తోందన్నారు. తీరా అన్నం మొదలుపెట్టిన రెండోనాటికి, పొట్టలో అమర్చిన గొట్టంలోంచి పాలలాంటి నీరు దిగసాగింది. మా అక్కయ్య బెంబేలెత్తిపోయింది. “చీము కాదు గదా డాక్టరుగారూ?” అంది.

కాదట. శోషరసమట. ఇది పాఠ్యపుస్తకాలవారు చేసిన మాట. ఇంటి భాషలోకి రాలేదు. కాలవ కింద వ్యవసాయం చేసేవారికి నేను ఇల్లా చెబుతాను: రక్తనాళాలు నీళ్లిచ్చే కాలవలు; చేలో మిగిలిన నీటిని లాగేసేవి మురుగు కాలవలు. ఒంట్లో ఆ రెండో పని శోషరస నాళాలది. పేగులనుంచి కొవ్వును మోసేవీ అవే. అందుకే భోంచేశాక ఆ రసం తెల్లబడుతుంది. 1622లో గాస్పారో అసెల్లి అనే ఇటలీ వైద్యుడు, కడుపునిండా తిన్న కుక్క పేగులవద్ద ఈ తెల్లని తీగెలను చూశాడు. ఒంట్లో పుట్టే శోషరసంలో నాలుగోవంతునుంచి సగందాకా కాలేయానిదే.

కాలేయం మార్చేటప్పుడు ధమనినీ, సిరలనూ, పైత్యరస నాళాన్నీ కలిపి కుడతారు. వెంట్రుకలవంటి ఈ నాళాలను కుట్టరు. కనిపించినవాటిని ముడివేస్తారు, తక్కినవి వాటంతట అవే మాని, కొత్త దారులు వేసుకుంటాయి. చాలామందికి చిక్కు రాదు. కొద్దిమందికి కారుతుంది. కారితే కారనీ అనడానికి లేదు. పోయేది నీరొక్కటే కాదు, మాంసకృత్తులూ, రోగాన్ని ఎదిరించే తెల్లకణాలూను. అసలే ఒంటి ఎదురుతిరుగుడును అణచే మందులు మింగుతున్న మనిషి!

వైద్యం ముందు వంటింట్లోనే. నెయ్యీ, నూనే మానిపించి, ఈ నాళాల జోలికి పోకుండా తిన్నగా రక్తంలో కలిసే ప్రత్యేకమైన కొవ్వు ఇస్తారు. దాన్ని కొబ్బరినూనెనుంచి తీస్తారు గాని, మన సీసాలోని కొబ్బరినూనె దానికి బదులు కాదు. తగ్గకపోతే నోటికి తిండి ఆపి, నరంలోకి ఆహారం ఎక్కిస్తారు, ఆక్ట్రియోటైడ్ ఇంజక్షన్లిస్తారు. మళ్లీ కత్తి పట్టడం అరుదు.

నెయ్యిలేని ముద్ద మొగుడికి ఎల్లా పెట్టేదని మా అక్కయ్య బాధ. ప్రేమంతా నేతిగిన్నెలోనే ఉందనుకునే జాతి మనది. చూడవచ్చిన చుట్టాలు మరీను, సున్నుండల డబ్బాతో దిగారు. గది గుమ్మంలోనే అందుకున్నాను. మా కాలేజీ స్టాఫ్ రూములో అవి ఒక్క గంటలో చెల్లిపోయాయి.

మూడు వారాలకు ఆ నీటి తెలుపు విరిగింది. పిమ్మట నీరే ఆగింది. గొట్టం తీసిననాడు బావగారు అడిగినది ఆవకాయ. డాక్టరుగారు ఇంకా ఒప్పుకోలేదు.