ఆదివారం క్రైస్తవులం, తహసీల్దార్ ఆఫీసులో ఎవరం?

శంషాబాద్ అంటే అందరికీ విమానాశ్రయం. క్యాథలిక్కులకు అదొక మేత్రాసనం కూడా. 2017 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ ఈ పేరుతో సీరో-మలబార్ మేత్రాసనాన్ని ఏర్పాటు చేశారు. కేరళ మూలాలున్న ఆ సంఘానికి అప్పటికి వేరే మేత్రాసనం లేని దేశ భాగమంతా దాని పరిధిలోకి వచ్చింది. ఉద్యోగాలకు ఊరు దాటిన విశ్వాసికి ఎక్కడున్నా సొంత ఆరాధన క్రమం, సొంత కాపరి ఉండాలన్నది ఉద్దేశం. మంచిదే.

ఇదే నేల మీది తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగలు. 2008లో సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చింది. ఆ వెంటే ఔటర్ రింగు రోడ్డు, వెంచర్లు. ఒక్క తరంలో పొలం, పని, ఇరుగుపొరుగు అన్నీ మారిపోయిన చోట రేకుల చర్చి ఇచ్చేది చిన్నదేం కాదు. వారానికో క్రమం, జబ్బు చేస్తే ప్రార్థన, చావుకు నలుగురు మనుషులు. క్యాంపస్‌లలో మనవాళ్లు దీన్ని మత్తుమందని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను.

చరిత్ర చూడండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బియ్యం క్రైస్తవులన్న ఎగతాళికి ఇదే ఆధారమంటారు. కానీ కరువు పనులు నడిచినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. కరువుకు పదేళ్ల ముందే, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకుని, ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పాడు. దారి వెతుక్కున్నది మనవాళ్లే.

అలా కట్టుకున్న సంఘంలోనూ కులం పోలేదు. తొలి భారతీయ కార్డినల్ 1953లో వచ్చారు. తొలి దళిత కార్డినల్, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని, 2022 ఆగస్టు దాకా రాలేదు.

చర్చి గడప దాటితే రాజ్యం. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరాను 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు తలుపు మూసే ఉంది. తెలంగాణలో మతం మారిన దళితుడు బీసీ-సీ, వాటా ఒక్క శాతం. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవం పాటిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. 2025 ఏప్రిల్‌లో ఏపీ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో, మతం మారినవారికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. కులం పేరుతో తిట్టేవాడు బాప్తిస్మ పత్రం చూసి తిడతాడా?

అందుకే ఇంట్లో బైబిలు, సర్టిఫికెట్లో హిందూ. దీన్ని అబద్ధమనే పాస్టర్లున్నారు, చూసీచూడనట్టు పోయేవాళ్లూ ఉన్నారు. ఈ రెండింట్లో ఏదీ విశ్వాసికి దారి చూపడం కాదు. పిల్ల చదువుకూ, దేవుడికీ మధ్య తల్లి ఎంచుకోవాల్సి రావడం ఆమె పాపం కాదనీ, మూడో పేరా చేసిన అన్యాయమనీ పల్పిట్ మీంచి చెప్పాలి. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా విషయం తేల్చమని 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు, గడువూ పొడిగించారు. మీ సంఘంలో ఆ పేరు ఎప్పుడైనా వినిపించిందా? ఈ ఆదివారం అడగండి.