పురిటింట్లో ఎవరి మాట చెల్లుతుంది?

ఆపరేషన్ అయి రెండో రోజు రాత్రి. బిడ్డ ఏడుపు ఆపడం లేదు. బాలింతకు కుట్ల నొప్పి, పక్కకు ఒత్తిగిలడమే గగనం. "పాలు ఇంకా పడలేదే తల్లీ, పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తుంటే చూస్తూ కూర్చోమంటావా?" అంటుంది అమ్మమ్మ. వార్డు బయట బెంచీ మీద కునుకు తీస్తున్న మేనమామను లేపి మందుల షాపుకు తోలుతుంది. అరగంటలో పాలడబ్బా, సీసా వచ్చేస్తాయి. బిడ్డ తాగి నిద్రపోతుంది. అమ్మమ్మ ఊపిరి పీల్చుకుంటుంది.

ఈ దృశ్యం ఏ ఒక్క ఇంటిదో కాదు. తెలుగునాట ఏ ఊరి ఆసుపత్రిలోనైనా కనిపించేదే. పాలడబ్బాలకు ప్రచారం చేయడాన్ని దేశంలో 1992 నాటి చట్టమే నిషేధించింది. కానీ అర్ధరాత్రి పూట డబ్బాకు సిఫారసు చేసేది కంపెనీ కాదు, కన్నతల్లి. ఆమె మీద కేసు పెట్టేదెవరు?

నిజానికి పాలు పడకపోవడం అనేదేమీ జరగలేదు. తొలి రెండు మూడు రోజులు వచ్చేవి చిక్కటి, పసుపుపచ్చని ముర్రుపాలు. చెంచాల లెక్కలోనే వస్తాయి. అప్పటికి బిడ్డ పొట్ట పట్టేదీ అంతే. సిజేరియన్ అయితే పాలు పొంగడం మరో రోజు, రెండు రోజులు ఆలస్యం కావచ్చు. బిడ్డను మాటిమాటికీ రొమ్ముకు పట్టిస్తేనే అవి ఊరతాయి. సీసా చేతికొచ్చాక రొమ్ము పట్టించడం తగ్గుతుంది, పట్టించడం తగ్గాక పాలూ తగ్గుతాయి. అప్పుడు "నేను ముందే చెప్పలేదూ" అన్న అమ్మమ్మ మాటే నిజమై కూర్చుంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు ఈ ముడిని స్పష్టంగా చూపుతాయి. దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం 41.8 శాతమే. కాన్పును ఇంటి నుంచి ఆసుపత్రికి మార్చడంలో ప్రభుత్వాలు గెలిచాయి, సందేహం లేదు. అయితే పురిటి మంచం పక్కన చెల్లే మాట ఎవరిదో అది పెద్దగా మారలేదు. ఆ సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తల్లి లేవలేని స్థితిలో ఉంటే నిర్ణయాలన్నీ పక్కనున్న పెద్దావిడవే అవుతాయి.

ఆ పెద్దావిడను మూఢురాలని కొట్టిపారేయడం తేలిక, అన్యాయం కూడా. ఇప్పుడు అమ్మమ్మ అయిన మనిషి బిడ్డల్ని కన్నది 2000 ప్రాంతంలో. ఆ ఏడు దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 44 మంది నెల తిరక్కుండానే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 20కి దిగింది. ఈ 20 మందిలోనూ 15 మంది పోయింది తొలి వారంలోనే. అంటే ఆమె భయం ఉత్తుత్తిది కాదు. భయపడాల్సిన రోజులేవో ఆమెకు సరిగ్గానే తెలుసు. భయపడాల్సిన సంగతులేవో అన్న దగ్గరే తేడా వస్తోంది.

కొన్నింటిలో ఆమెదే పైచేయి. బిడ్డను గుడ్డల్లో వెచ్చగా చుట్టి తల్లి పక్కలో పడుకోబెడుతుంది. వైద్యులు చెప్పేదీ అదే. పురుడు పేరిట చుట్టాలను గడప దగ్గరే ఆపేస్తుంది. ఆమె చెప్పే కారణం మైల. ఫలితం మాత్రం పదిమంది చేతులు, పదిమంది దగ్గులు బిడ్డ దాకా రాకపోవడం. చూడటానికి వచ్చి బిడ్డ బుగ్గలు ముద్దాడే బంధువులను ఇంత మర్యాదగా ఆపే ఉపాయం ఏ ఆసుపత్రి బోర్డుకూ చేతకాలేదు.

పేచీ వచ్చేది ఐదో రోజున ఇల్లు చేరాకే. కాళ్ల మీద వేసుకుని స్నానం పోసేటప్పుడు ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేస్తారు. తల్లి ఒంట్లోని హార్మోన్ల ప్రభావంతో పసికందు రొమ్ములు కాస్త ఉబ్బితే పాలు పిండాలంటారు. ఆడపిల్లయినా మగపిల్లాడైనా వాటంతట అవే తగ్గిపోతాయి. పిండితే చీము పడుతుంది. బొడ్డుకు పసుపో, బూడిదో అద్దుతారు. అది పొడిగా ఉంటే చాలు, దానంతట అదే రాలుతుంది. తలుపులు బిగించి వేసే సాంబ్రాణి పొగ పెద్దవాళ్లకే దగ్గు తెప్పిస్తుంది, పసివాళ్ల ఊపిరితిత్తుల మాట చెప్పేదేముంది!

అన్నింటికన్నా ప్రమాదం కామెర్ల విషయంలో. రెండో రోజు తర్వాత ఒళ్లు కాస్త పసుపెక్కడం చాలామంది పిల్లల్లో మామూలే. దాన్ని చూసి "పొద్దుటెండలో చూపిస్తే పోతుందిలే" అంటారు. తక్కువగా ఉన్నది ఎలాగూ తగ్గుతుంది, ఆ ఘనత ఎండ ఖాతాలో పడుతుంది. అయితే పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అది అరచేతులకూ అరికాళ్లకూ పాకినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా ఎండ కాదు, ఆసుపత్రిలో నీలికాంతి దీపాల కింద చికిత్స కావాలి. ఆలస్యమైతే మెదడుకూ వినికిడికీ కలిగే నష్టం మళ్లీ పూడదు. ఒళ్లు చల్లబడటం, జ్వరం, ఎగశ్వాస, ఫిట్స్ కూడా తెల్లారేదాకా ఆగే సంగతులు కావు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడిన పసికందులకు చికిత్స, రవాణా ఉచితం. ఈ సంగతి పురిటిగదిలో ఎంతమందికి చెబుతున్నారు?

చెప్పడానికి మనిషి లేకపోలేదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె మహిళలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. మూడో ఏటికి నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. దాని స్ఫూర్తితోనే 2011 నుంచి ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనలు దేశమంతటా మొదలయ్యాయి. ఆసుపత్రి కాన్పయితే మూడో రోజు, ఏడో రోజు, అలా 42వ రోజు దాకా ఆరుసార్లు. సిజేరియన్ అయితే మొదటి సందర్శనే ఏడో రోజున. సగానికి పైగా సిజేరియన్లే జరిగిన రాష్ట్రంలో దీని అర్థం ఊహించుకోవచ్చు. ఆమె తలుపు తట్టేసరికి పాలడబ్బా సగం ఖాళీ అయి ఉంటుంది. దీనికి తోడు తొలికాన్పు పుట్టింట్లో. గర్భిణిగా పేరు నమోదైంది అత్తవారి ఊళ్లో. అక్కడి కార్యకర్త చూసిన మనిషి ఇక్కడ లేదు, ఇక్కడి కార్యకర్తకు ఆమె కొత్త.

తండ్రి సంగతి చెప్పుకోకపోవడమే మేలు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది. 2017లో తల్లుల సెలవును 26 వారాలకు పెంచిన చట్టం తండ్రుల ఊసెత్తలేదు. సెలవున్నవాడు మాత్రం అత్తవారింట్లో ఏం చేస్తాడు? పురుడు తీరేదాకా అతనూ చుట్టమే.

ఏడో రోజున కార్యకర్త వచ్చి బిడ్డను తూకం వేస్తుంది. పుట్టినప్పటికన్నా 150 గ్రాములు తక్కువ చూపిస్తుంది ముల్లు. అమ్మమ్మ ముఖం మాడిపోతుంది. మూడు కిలోల బిడ్డకు తొలి రోజుల్లో ఆ మాత్రం తగ్గడం సహజమే, రెండు వారాలకు తిరిగి పుంజుకుంటుంది. ఈ మాటను కార్యకర్త ఎవరికి చెబుతుందన్నదే అసలు ప్రశ్న. కార్డు బాలింత చేతిలో ఉంది కాబట్టి ఆమెకే చెప్పి లేస్తే ఆ సాయంత్రానికి సీసాలో పాలు మరో రెండు చెంచాలు పెరుగుతాయి. అలా కాకుండా పీట వాల్చుకుని పెద్దావిడ ఎదుట కూర్చుని, "పెద్దమ్మా, రోజుకెన్నిసార్లు పాలకు తడిపేస్తోంది? ఆరుసార్లా? ఇంకేం, పాలు చాలుతున్నట్టే. డబ్బా తగ్గిస్తూ మాటిమాటికీ రొమ్ముకు పట్టించండి, పద్నాలుగో రోజుకు నేనొచ్చి మళ్లీ తూస్తా. ఈలోగా లెక్క మీరే చూడాలి" అంటే, ఆమె ఆ లెక్క తప్పకుండా చూస్తుంది.