‘సర్వర్ ఎర్రర్’ వచ్చినప్పుడు లోపల ఏం రాసుకుంటారు? యాప్‌ల లాగ్‌లకు పరిమితి ఎందుకు పెడతారు?

కిరాణా షాపులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టారు. ఖాతాలో డబ్బు కట్ అయ్యింది. షాపతని స్పీకర్ మాత్రం మోగలేదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు ఇలా మధ్యలో ఆగితే ఐదు రోజుల్లోగా, వ్యక్తికి పంపిన డబ్బు జమ కాకపోతే మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి.

మరి డబ్బు ఏ నిమిషంలో కట్ అయ్యింది, అవతలి బ్యాంకు ఏం జవాబిచ్చింది అన్నది ఎవరు చెప్పాలి? మీ దగ్గరున్నది ఒక స్క్రీన్‌షాట్. బ్యాంకు దగ్గరున్నది దాని సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు రాసుకునే చిట్టా. దాన్నే లాగ్ అంటారు. (మన లాగుతో దీనికి చుట్టరికం లేదు. పూర్వం ఓడ వేగం కొలవడానికి సముద్రంలోకి వదిలే చెక్క దుంగ నుంచి వచ్చిన మాట ఇది.) ఆ చిట్టాలో మీ వరుస ఉంటే ఫిర్యాదు తేలుతుంది. లేకపోతే ‘మా సిస్టమ్‌లో కనిపించడం లేదండీ’ అన్న జవాబు వస్తుంది.

అన్నీ రాసుకుంటే పోదా?

పోదు. 2025 ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐ గంటల తరబడి మొరాయించింది. కొన్ని బ్యాంకుల నుంచి ‘ఈ లావాదేవీ ఏమైంది?’ అనే స్టేటస్ ప్రశ్నలు వెల్లువలా రావడమే కారణమని ఎన్‌పీసీఐ పరిశీలనలో తేలింది. పాత లావాదేవీల గురించి కూడా అడిగిందే మళ్లీ మళ్లీ అడిగారు. జవాబు ఆలస్యమయ్యేకొద్దీ ప్రశ్నలు పెరిగాయి, ప్రశ్నలు పెరిగేకొద్దీ జవాబు ఇంకా ఆలస్యమైంది. ఆ తర్వాత నిబంధన వచ్చింది. లావాదేవీ మొదలయ్యాక కొంతసేపు ఆగాకే స్టేటస్ అడగాలి, అదీ గరిష్ఠంగా మూడుసార్లే. ఆగస్టు 1 నుంచి వినియోగదారులకూ హద్దులు వచ్చాయి. ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూసుకోలేరు.

ఇలాంటి వెల్లువ వచ్చినప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెర వెనుక ఇంకో వెల్లువ మొదలవుతుంది. విఫలమైన ప్రతి ప్రశ్నకూ ప్రోగ్రాం లాగ్‌లో ఒక వరుస రాస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఒక్కో వరుస 300 బైట్లు, సెకనుకు 20 వేల వైఫల్యాలు అనుకుంటే సెకనుకు 6 ఎంబీ, గంటకు 21 జీబీ దాటుతుంది. డిస్క్ నిండిపోతే అదే మెషీన్ మీద నడిచే డేటాబేస్ కూడా ఆగిపోవచ్చు. డిస్క్ నిండకపోయినా, వరుస రాయడం పూర్తయ్యేదాకా ప్రోగ్రాం ఎదురుచూసేలా కడితే సేవ మరింత నెమ్మదిస్తుంది. జబ్బును నమోదు చేసే పుస్తకమే జబ్బును ముదరబెడుతుందన్నమాట. పైగా ఇంజినీరుకు కావాల్సిన ఒక్క వరుస, ఒకేలాంటి లక్షల వరుసల కింద కూరుకుపోతుంది.

అందుకే లాగ్‌కూ వేగ పరిమితి పెడతారు.

ఎలా పెడతారు?

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్ ఊహించుకోండి. మామూలు రోజున ప్రతి ఒక్కరి పేరు, టైము రాస్తాడు. ఓ ఇంట్లో పెళ్లి ఉంది, గంటలో 500 మంది వచ్చారు. ప్రతి పేరూ రాస్తూ కూర్చుంటే గేటు దగ్గర క్యూ రోడ్డు దాటుతుంది. తెలివైన వాచ్‌మన్ మొదటి పది పేర్లు రాసి, తర్వాత ‘302 ఫ్లాట్ పెళ్లికి మరో 490 మంది’ అని ఒక్క వరుస రాస్తాడు. అదే సమయంలో మీటరు రీడింగ్‌కు వచ్చిన మనిషి పేరు మాత్రం విడిగా రాస్తాడు. తెలివి తక్కువ వాచ్‌మన్ అయితే ‘ఇవాళ్టికి రాసింది చాలు’ అని పుస్తకం మూసేస్తాడు. ఆ రోజే దొంగ వస్తే పుస్తకంలో ఏమీ ఉండదు.

మంచి లాగింగ్ పరికరానికీ చెడ్డదానికీ తేడా దాదాపు ఇంతే.

కంప్యూటర్లలో ఇది కొత్తదేమీ కాదు. ప్రపంచంలోని సర్వర్లలో అధిక భాగాన్ని నడిపించే లినక్స్‌లో కెర్నల్ సందేశాలకు ఉన్న సాధారణ పరిమితి 5 సెకన్లకు 10. వాటిపైన నడిచే సేవల లాగ్‌లను సేకరించే జర్నల్‌డీ అనే ప్రోగ్రాం డిఫాల్ట్‌గా ఒక్కో సేవకు 30 సెకన్లకు 10 వేల సందేశాల దగ్గర గీత గీస్తుంది. దాటినవాటిని వదిలేసి, ఎన్ని వదిలేసిందో ఒక వరుసలో చెబుతుంది. ఈ చివరి పని చాలా ముఖ్యం. వదిలేసినట్టు చెప్పని లాగ్‌ను చదివినవారు ‘పది తప్పులే జరిగాయి’ అనుకుంటారు. నిజానికి జరిగినవి పది లక్షలు కావచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తేలికగా కట్టిన పరికరాల్లో ఈ ‘ఇన్ని వదిలేశాం’ అన్న లెక్క, అదే రకం సందేశం మళ్లీ వచ్చినప్పుడే బయటకు వస్తుంది. తుపాను ఒక్కసారిగా ఆగిపోతే తర్వాతి సందేశం రాదు, లెక్కా రాదు. కాబట్టి గడువు తీరగానే తనంతట తాను లెక్క రాసేలా టైమర్ ఉండాలి. అతి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మర్నాడు విచారణ జరిగేటప్పుడు మొదట అడిగే అంకె ఇదే.

ఇంకో మెలిక, ‘ఒకే రకం’ అని దేన్ని బట్టి గుర్తించాలి? సందేశం మొత్తాన్ని పోల్చి చూస్తే ప్రతి దాంట్లో లావాదేవీ నంబరు వేరు కాబట్టి ఏ రెండూ ఒకటి కావు. పరిమితి ఉన్నా లేనట్టే. పైగా అన్ని నంబర్లనూ గుర్తుపెట్టుకోబోయి పరిమితి పెట్టే పరికరమే మెమొరీ మింగేస్తుంది. అలాగని ‘ఎర్రర్‌లన్నీ ఒకటే’ అనుకుంటే, పెద్ద బ్యాంకు ఒకటి పడిపోయి వేల సందేశాలు వస్తున్న సమయంలో చిన్న సహకార బ్యాంకు ఖాతాదారుల సమస్య అసలు నమోదే కాదు. తప్పు రకం, అది జరిగిన చోటు, అవతలి సంస్థ, ఈ మూడింటినీ కలిపి తాళంచెవిలా వాడటం మధ్యేమార్గం. పరిమితిని సేవ ఆపకుండానే మార్చగలగాలి. ఒక్క జిల్లాలోనో, ఒక్క బ్యాంకుతోనో సమస్య వస్తే అక్కడి వివరాలు మాత్రమే కాసేపు ఎక్కువ రాసేలా మీట తిప్పే వీలుండాలి. పదో తరగతి ఫలితాల రోజున సర్వర్‌ను రీస్టార్ట్ చేసి సెట్టింగ్ మార్చాలంటే ఎవరు సాహసిస్తారు?

పరిమితి ఎక్కడ పెట్టకూడదు?

మామూలు భాషలో లాగ్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో రెండు వేర్వేరు పుస్తకాలున్నాయి. ఒకటి ఇంజినీర్ల కోసం రాసుకునేది: ఫలానా సర్వర్ జవాబివ్వలేదు, మళ్లీ ప్రయత్నించాం, మెమొరీ తగ్గింది... ఇలాంటివి. రెండోది ఆడిట్ చిట్టా: ఎవరి ఖాతాలో ఎంత కట్ అయ్యింది, ఎవరి వేలిముద్ర సరిపోలలేదని రేషన్ ఆగింది, ఏ ఉద్యోగి లాగిన్‌తో భూమి రికార్డు మారింది. మొదటిదాన్ని కత్తిరించవచ్చు. రెండోదాంట్లో ఒక్క వరుస కూడా పోకూడదు. రాయలేకపోతే ఆ పని జరగకుండా ఆపేయడమే సరైనది. రెండింటినీ ఒకే గొట్టంలోంచి పంపించి, ఆ గొట్టానికి పరిమితి బిగిస్తే పోయేది పౌరుడి సాక్ష్యమే. పబ్లిక్ సర్వీసుల సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుల్లో స్క్రీన్ల రంగుల కన్నా ముందు రాయాల్సిన షరతు ఇదని ఈ డెస్క్ అభిప్రాయం.

సాక్ష్యం చిట్టా చేతిలో లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసు ఉదంతం చూపించింది. ఫుజిత్సు తయారు చేసిన హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కల్లో లోటు చూపించడంతో, 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా సబ్-పోస్ట్‌మాస్టర్లు దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షపడ్డారు. కొందరు జైలుకెళ్లారు, ఎందరో దివాలా తీశారు. బయటివారెవరూ బ్రాంచి ఖాతాల్లోకి దూరలేరని పోస్టాఫీసు ఏళ్ల తరబడి వాదించింది. లోపాల చిట్టాలు, ఆడిట్ డేటా కోర్టు ముందుకొచ్చాక 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో బగ్‌లు ఉన్నాయని, ఫుజిత్సు సిబ్బంది దూరం నుంచే బ్రాంచి లెక్కల్లో మార్పులు చేయగలిగేవారని తేల్చింది. శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం 2024 మేలో గానీ రాలేదు. చిట్టా ఉంది. దాన్ని చూడాల్సినవారికి చూపించలేదు.

ఎక్కువ రాసినా ముప్పే

2018 మేలో ట్విటర్ తన 33 కోట్ల మంది యూజర్లను పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. కారణం హ్యాకింగ్ కాదు. పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చకముందే అది లోపలి లాగ్‌లో ఉన్నదున్నట్టు నమోదైపోయింది. మరుసటి ఏడాది మార్చిలో ఫేస్‌బుక్ కూడా కోట్లాది పాస్‌వర్డ్‌లు లోపల చదవగలిగే రూపంలో నిల్వ ఉన్నాయని ఒప్పుకొంది. అందుకే ఆధార్ నంబరు, ఓటీపీ, పిన్ లాంటివి లాగ్‌లోకి వెళ్లేముందే చెరిపేసే లేదా చివరి నాలుగంకెలే ఉంచే ఏర్పాటు పరికరంలోనే ఉండాలి. ప్రోగ్రామర్ గుర్తుంచుకుంటాడులే అని వదిలేయకూడదు. 2021 డిసెంబరులో మరీ విడ్డూరం బయటపడింది. లక్షలాది సర్వర్లలో వాడే లాగ్4జే అనే లాగింగ్ పరికరం, తనకు రాయమని ఇచ్చిన వాక్యంలో ఒక ప్రత్యేక పదం కనిపిస్తే బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చి నడిపేది. రాసుకోమంటే ఇంటి తాళం తీసి ఇచ్చినట్టయింది.

మన దగ్గర నిబంధనలేంటి?

సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజుల పాటు దేశంలోనే భద్రపరచాలి. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో సమాచారమివ్వాలి. అందరి గడియారాలూ ప్రభుత్వ టైమ్ సర్వర్లతో సరిపోలి ఉండాలి. ఈ చివరి నిబంధన వింతగా అనిపించొచ్చు. కానీ మీ బ్యాంకు గడియారం, దుకాణదారు బ్యాంకు గడియారం రెండు నిమిషాలు తేడాగా ఉంటే ఏది ముందు జరిగిందో రెండు చిట్టాలూ కలిపినా తేలదు. 2025 నవంబరులో నోటిఫై అయిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు, అక్రమ ప్రవేశాలను పసిగట్టడానికి అవసరమైన లాగ్‌లను ఏడాది ఉంచాలంటున్నాయి. ఇది అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు.

ఎంతకాలం ఉంచాలన్నదానికి పై హద్దూ ఉంది. ఆధార్ కేసులో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పులో, ధ్రువీకరణ రికార్డులను ఐదేళ్లు దాచే నిబంధనను కొట్టేసింది. ఆరు నెలలు చాలంది. మీరు ఎక్కడెక్కడ వేలిముద్ర వేశారో ఏళ్ల తరబడి పోగేస్తే అది సాక్ష్యం కాదు, నిఘా.

సామాన్యుడు తన చిట్టాను తానే చూసుకునే వీలున్న అరుదైన చోటు కూడా ఆధారే. మై ఆధార్ పోర్టల్‌లోగానీ, ఎంఆధార్ యాప్‌లోగానీ రిజిస్టర్ చేసిన మొబైల్‌కు వచ్చే ఓటీపీతో ‘అథెంటికేషన్ హిస్టరీ’ తెరిస్తే గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఏ తేదీన, ఏ సమయంలో, ఏ సంస్థ, వేలిముద్రతోనా ఓటీపీతోనా వాడిందో, అది సఫలమైందా లేదా అన్నది వస్తుంది. ఒకసారికి 50 ఎంట్రీల వరకు చూపిస్తుంది. మీరు వెళ్లని చోట మీ పేరుతో ఎంట్రీ కనిపిస్తే 1947 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. బయోమెట్రిక్ లాక్ ఆప్షన్ కూడా అక్కడే ఉంది.