ఇంటిని బయట పెట్టిన బజ్మ్

పోయిన నెల మా ఇంట్లో రెండు ఖుషీలు. మా తమ్ముడి కూతురికి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాయని బిస్మిల్లా చేయించాం. అమ్మీ-అబ్బాల నికాహ్‌కు 50 ఏళ్లు నిండింది కూడా ఈ సాలే. రెండు దావత్‌ల ఖర్చెందుకని ఒకే రోజు పెట్టుకున్నాం.

పిలిచిన వాళ్లలో నా పాత దోస్తులున్నారు. 2001లో మేమంతా ఒక బజ్మ్ పెట్టుకున్నాం. 1998లో వచ్చిన 'జల్‌జలా' కవితా సంకలనం చదివి నిద్ర పట్టని కుర్రాళ్లం. ఉర్దూ మీడియంలో చదివిన నాకు, మన ఇంటి మాటలతోనే తెలుగులో కవిత్వం రాయొచ్చన్న ధైర్యం ఆ పుస్తకమే ఇచ్చింది. మాలో ఇద్దరు షాయర్లు, ఒక కథకుడు, దుకాణాలకు బోర్డులు రాసే పెయింటర్, ఒక కాతిబ్. ప్రతి ఇత్వార్ ఇషా నమాజ్ అయ్యాక చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లం. 2004లో 'వతన్' కథలు వచ్చినప్పుడు, ఒక్క కాపీయే చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది.

ఆ తర్వాత షాదీలు, పిల్లలు, స్కూలు ఫీజులు. ఒకరు దుబాయ్ పోయారు. ఫ్లెక్సీలొచ్చి పెయింటర్ బ్రష్ పక్కన పెట్టాడు. కంప్యూటరొచ్చి కాతిబ్‌కు పని పోయింది. "ఇస్ ఇత్వార్ ఘర్‌మే ఫంక్షన్ హై భాయ్" అనుకుంటూనే తొమ్మిదేళ్లకు బజ్మ్ ఖతమైంది. దాన్ని ఎవరూ మూసేయలేదు, రావడం మానేశారంతే.

దావత్ రోజు ఆ కాతిబ్ దోస్తే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తఖ్తీ మీద బిస్మిల్లా రాసి, వేలు పట్టి దిద్దించాడు. కలం ముట్టి పదేళ్లు దాటిన మనిషి, చేయి వణకలేదు. ఇంతలో లోపలి గదిలోంచి ఢోలక్ మోగింది. మా ఖాలా! 70 దాటిన మనిషి, సమ్‌ధన్‌ను ఆట పట్టించే ఢోలక్ పాటలు ఒకదాని వెంట ఒకటి అందుకుంది. మేం గుమ్మం దగ్గరే నిలబడిపోయాం. ఆ దఖ్నీలో ఉన్న చమత్కారం, ఆ నవ్వు కింద ఉన్న బాధ మేం రాసిన ఏ కవితలోనూ లేవు.

నాకు షరమ్ అనిపించింది. అన్నేళ్లు ముస్లిం జిందగీ గురించే రాశాం, కానీ ఒక్క ఆడమనిషిని బజ్మ్‌కు పిలవలేదు. పిలిచినా రాత్రి పది గంటలకు చాయ్ హోటల్‌కు ఎవరొస్తారు? ఇంటి పనులే బజ్మ్‌ను చంపాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. గలత్. మేమే ఇంటిని బజ్మ్ బయట పెట్టాం.

అందుకే "మళ్లీ షురూ చేద్దాం, హాలు చూద్దాం, సదర్‌ను ఎన్నుకుందాం" అని దోస్తులంటే నేను వద్దంటున్నాను. అఖీఖా, బిస్మిల్లా, ఖతమే ఖురాన్, నికాహ్... మన ఖాందాన్లలో సాలుకు ఎన్ని తఖ్రీబ్‌లు! బిర్యానీకీ, ఫంక్షన్ హాలుకూ, వీడియోకూ అప్పు చేసైనా పెడతాం. భోజనాలయ్యాక ఒక గంట బజ్మ్‌కు ఇస్తే పైసా ఖర్చు కాదు. పిల్లలు కూడా వింటారు.

ఇందులో ఒక ఖత్రా ఉంది, దాచను. ఇంటి ఖుషీలో కవి పొగడ్తలకే పనికొస్తాడు. 1852లో బహదూర్ షా జఫర్ కొడుకు జవాన్ బఖ్త్ షాదీకి గాలిబ్ సెహ్రా రాశాడు. దాని చివర తన గొప్ప కాస్త చెప్పుకున్నాడు. అది తన ఉస్తాద్ జౌఖ్ మీద విసురని బాద్‌షా అనుకున్నాడు, జౌఖ్ చేత జవాబు సెహ్రా రాయించాడు. ఆఖరికి గాలిబ్ మాఫీ అడుగుతూ కవిత రాయాల్సి వచ్చింది. గాలిబ్‌కే తప్పనిది మనకు తప్పుతుందా? జోడే కీ రఖం మీద కవిత రాసిన అమ్మాయి దాన్ని షాదీ ఇంట్లో చదవగలదా?

చదవలేదు. కాబట్టి తఖ్రీబ్‌లతో పాటు నెలకో ఇత్వార్ కూడా కావాలి. ఏ ఫంక్షనూ లేని రోజు, పగలు జుహర్ నమాజ్ అయ్యాక, ఒక్కో నెల ఒక్కొక్కరింట్లో. ఆడవాళ్లు పిల్లలతో రావాలి. అక్కడ ఎవరి మొహమాటమూ ఉండకూడదు.

మొదటి పని ఖాలా పాటలు రికార్డు చేసి, తెలుగు లిపిలో రాసుకోవడం. ఉర్దూ బడిలో చదివిన నాకు ఈ మాట అనడం తక్లీఫే. కానీ మా బేటీ ఉర్దూ చదవాలంటే తడుముకుంటుంది, తెలుగైతే గడగడా చదివేస్తుంది. ఆమెకు ఉర్దూ నేర్పడం మానను. అయితే ఆమె నేర్చుకునేదాకా పాటను ఆపితే అప్పటికి పాడేవాళ్లు ఉండరు.

నిన్న ఖాలాకు ఫోన్ చేసి అడిగాను. "అరే బేటా, షాదీ ఇంట్లో పాడుకునేవి కూడా ఎవరన్నా రాసుకుంటారా?" అని నవ్వింది. కాసేపాగి, "ఆతీఁవ్. ఢోలక్ వదులైంది, బిగించి తే" అంది.

వచ్చే ఇత్వార్ మా ఇంట్లోనే.