పని జాడ – పనివాని విలువ

నేడు మన విద్యార్థులలో అనేకులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాన్ని ఆశించి కంప్యూటరు విద్యను అభ్యసిస్తున్నారు. అయితే ఆ కొలువులో తమ పనిని ఏ విధంగా కొలుస్తారో ఎరిగినవారు అరుదు. అందుచేత 'ప్రాసెస్ మైనింగ్' అనే పద్ధతిని గురించి మా అభిప్రాయాన్ని చదువరుల ముందుంచుతున్నాము.

ఇది బ్రహ్మవిద్య కాదు. సీతంపేటలోని ఏ కార్యాలయపు రిజిస్టరునైనా తలచుకొనండి. అర్జీ సంఖ్య, దానిపై జరిగిన చర్య, జరిగిన సమయం – ఈ మూడింటినీ వేయి అర్జీలకు వరుసగా పేర్చి చూస్తే, కాగితం ఎక్కడ ఆగుతున్నదో, ఎక్కడ వెనుకకు మరలుతున్నదో తేటతెల్లమవుతుంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య విల్ వాన్ డెర్ ఆల్స్ట్ ఈ శాస్త్రానికి పునాదులు వేశారు. సాఫ్ట్‌వేర్ నిపుణుడు చేసే ప్రతి మార్పూ 'గిట్' వంటి సాధనాలలో సమయంతో సహా నమోదవుతుంది. కావున లోపం ఎన్నడు బయటపడినదీ, దిద్దుబాటు పరిశీలనకై ఎన్నాళ్లు వేచి ఉన్నదీ ఆ జాడలే చెబుతాయి. జాప్యానికి కారణం మనిషి సోమరితనం కాదు, పని నడిచే దారిలోని అడ్డంకి అని అనేక పర్యాయాలు తేలుతుంది. ఇది నిశ్చయంగా మేలు.

కాని జాడను చూచి మనిషికి వెల కట్టబూనడం అనర్థదాయకం. 1982లో ఆపిల్ సంస్థ అధికారులు ప్రతివారమూ ఎన్ని పంక్తుల ప్రోగ్రాము వ్రాశారో తెలుపమని తమ నిపుణులను కోరారు. బిల్ అట్కిన్‌సన్ తన ప్రోగ్రామును కుదించి, మునుపటికంటె వేగవంతం చేసి, ఆ పత్రంలో 'మైనస్ 2000' అని వ్రాశాడు. కొన్ని వారాలకు అతనిని అడగడమే మానుకొన్నారు. ఆలోచనకూ, తోటివానికి చేసిన సహాయానికీ చిట్టాలో చోటు లేదు.

ఈ సంగతి మన మన్యానికి క్రొత్త కాదు. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనులలో ఫోటో హాజరు తప్పనిసరి అయినది. ఫోటో మనిషి వచ్చాడని చెప్పగలదు గాని, ఎంత రాతినేల త్రవ్వాడో చెప్పగలదా? సిగ్నలు అందని కొండవాలులో నమోదు కాని చెమట చెమట కాదా?

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: ఈ విద్యను మన విద్యార్థులకు నేర్పించండి, మన ఉపకారవేతనాల అర్జీలు నడిచే దారిపైననే తొలి పరీక్ష చేయించండి. విద్యార్థులారా! కొలబద్దను చేపట్టండి, కాని దానితో దారిని కొలవండి, మనిషిని కాదు.