ఫోను మనది, తాళంచెవి ఎవరిది?

బ్యాంకు గుమ్మం ఇప్పుడు ఫోనులోకి వచ్చింది. ఆ గుమ్మానికి కావలి కాస్తున్నది బ్యాంకు ఒక్కటే కాదు. ఫోను తయారుచేసిన కంపెనీ, ఆండ్రాయిడ్‌ను నడిపే గూగుల్ కూడా. సొంత డబ్బుతో కొనుక్కున్న ఫోనులో ఏది పనిచేయాలో నిర్ణయించే అధికారం క్రమంగా మన చేయి దాటిపోతోంది. దీన్ని సాంకేతిక నిపుణుల గొడవగా చూసి వదిలేస్తున్నాం. ఇది సామాజిక న్యాయానికి సంబంధించిన ప్రశ్న అని నా వాదన.

ఫోను నమ్మదగినదో కాదో బ్యాంకు యాప్‌లు తనిఖీ చేస్తాయి. ఇందుకు చాలా యాప్‌లు గూగుల్ ఇచ్చే ధ్రువీకరణపైనే ఆధారపడతాయి. ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లున్న ఫోన్లకు అత్యున్నత స్థాయి ధ్రువీకరణ దక్కాలంటే గడచిన ఏడాదిలోగా భద్రతా అప్‌డేట్ అంది ఉండాలన్న నిబంధన 2025లో అమలులోకి వచ్చింది. అప్‌డేట్లు ఆపేసేది కంపెనీ, శిక్ష పడేది కొనుక్కున్నవారికి. కొత్త వెర్షన్ విడుదలైన ఆరు నెలల్లోగా పాత యాప్‌ను నిలిపివేయాలని 2021 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు కూడా ఆదేశించింది. మోసాలను అరికట్టాల్సిందే; పేదల సొమ్మే మోసగాళ్లకు సులువుగా చిక్కుతుంది. కానీ ఆ భద్రతకయ్యే ఖర్చును కొత్త ఫోను రూపంలో పేదల నెత్తిన వేయడం న్యాయం కాదు.

ఈ తనిఖీలో కులం ఎవరూ అడగరు. అయినా దాని ఫలితం కులం గీసిన గీతల వెంటే నడుస్తుంది. పట్నంలో కొడుకు వాడి వదిలేసిన ఫోను, సెకండ్‌హ్యాండ్ దుకాణంలో కొన్న ఫోను, ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే ఫోను ఎక్కువగా కనిపించేది వాడల్లో, తండాల్లో, గూడేల్లో. తరతరాలుగా భూమికీ చదువుకూ దూరం చేయబడినవారికి రెండు మూడేళ్లకోసారి ఫోను మార్చే స్తోమత ఎక్కడిది? రీచార్జ్ చేయించలేక నంబరు పోతే, ఆ నంబరుతో ముడిపడిన యూపీఐ కూడా పోతుంది. బ్యాంకు శాఖకు వెళితే ‘యాప్‌లో చూసుకోండి’ అన్న జవాబు నేను ఎన్నోసార్లు విన్నాను. చివరికి ఇంకొకరి ఫోనును ఆశ్రయించాలి, వారికి పిన్ చెప్పాలి, కమీషన్ ఇవ్వాలి. ఉత్తరం చదివించుకోవడానికి కరణం అరుగు ముందు నిలబడిన తాతల మనుమలు, నేడు తమ ఖాతాలో నిల్వ తెలుసుకోవడానికి ఇంకో అరుగు ముందు నిలబడుతున్నారు.

ఇంతకంటే ప్రమాదకరమైన ఆలోచన మరొకటి ఉంది. వాయిదాలు కట్టకపోతే, అప్పుపై కొన్న ఫోనును దూరం నుంచే స్తంభింపజేసే వీలు రుణసంస్థలకు కల్పించే అంశం రిజర్వు బ్యాంకు పరిశీలనలో ఉందని 2025లో వార్తలు వచ్చాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఫోను స్తంభన వెట్టితో సమానమని నేను అనను. కానీ బాకీదారుడి బతుకుతెరువు పనిముట్టుకు తాళం వేసే హక్కు అప్పిచ్చినవాడికి ఉండాలన్న తర్కం దానికి దగ్గరి చుట్టమే. ఫోను ఆగితే కూలికి పిలిచే మేస్త్రీ కబురూ అందదు, బాకీ తీర్చే దారీ మూసుకుపోతుంది.

మహద్‌లోని చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ అక్కడి పురపాలక సంఘం 1924లోనే తీర్మానించింది. అయినా ఆ నీళ్లు ముట్టడానికి 1927లో అంబేద్కర్ నాయకత్వాన వేలాది మంది కదిలి వెళ్లాల్సి వచ్చింది. కాగితం మీది హక్కు దోసిట్లోకి నీళ్లు తేలేదు. బావులు, చెరువులు, రోడ్ల వాడకంలో కులవివక్షను రాజ్యాంగంలోని 15(2) అధికరణం నిషేధించడానికి వెనుక ఈ అనుభవముంది. 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతా కూడా అలాంటి కాగితపు హక్కుగా మిగిలిపోకూడదు.

కాబట్టి యాప్‌లో దొరికే ప్రతి అత్యవసర సేవా శాఖలోనూ, బ్యాంకు మిత్ర వద్దా, కీప్యాడ్ ఫోనులోనూ అదనపు రుసుము లేకుండా దొరకాలి. 2014లో దేశమంతటికీ విస్తరించిన స్టార్ 99 హ్యాష్ సేవ, 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే ఇందుకు పునాదిగా ఉన్నాయి. వాటిని బలోపేతం చేయాలి. ప్రత్యామ్నాయం చూపకుండా పాత ఫోన్లకు సేవలు ఆపరాదు. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో ఫోను డబ్బాపైనే ముద్రించాలి. బాకీ పేరిట ఫోను స్తంభింపజేయడాన్ని చట్టం ద్వారా నిషేధించాలి. ఈ కొత్త గుమ్మాల వద్ద ఎవరు ఆగిపోతున్నారో కులాలవారీగా లెక్క తీసి రిజర్వు బ్యాంకు ప్రకటించాలి. సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోనులో ముందే పెట్టాలన్న ఆదేశాన్ని 2025 డిసెంబరులో కేంద్రం కొద్ది రోజులకే వెనక్కు తీసుకున్నది, అన్ని వైపుల నుంచి నిరసన వచ్చిన తరువాత. అప్పుడు లేచినది గోప్యత ప్రశ్న. ఖాతా ఉండీ గుమ్మం బయట నిలబడినవారి కోసం కూడా అంత గట్టిగా గొంతు లేవాలి. దళిత బహుజన సంఘాలు దీన్ని తమ డిమాండ్ల పత్రంలోకి తీసుకోవాలి.